అత్తమ్మ చూడనన్న జలపాతం

జూలై సగం దాటిందంటే మా ఇంట్లో పేపరు మొదటి పేజీ నుంచి చదవరు. జిల్లా పేజీలో ఒక మూల చిన్న డబ్బాలో వేసే శ్రీశైలం నీటిమట్టం దగ్గర మొదలుపెడతారు. 822, 831, 846... రోజూ ఆ అంకె చూసి, నిన్నటికి ఈరోజుకి ఎన్ని అడుగులు పెరిగిందో నోటితోనే లెక్క కట్టి, అప్పుడు కాఫీ తాగుతారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఇదేదో క్రికెట్ స్కోరులాంటి సరదా అనుకున్నాను. మా పుట్టిల్లు కడప పక్క. మాకు పెన్నలో నీళ్లు వచ్చాయా రాలేదా అన్నదొకటే తెలుసు, అడుగుల లెక్క తెలియదు. ఇక్కడ నంద్యాల వైపు కె.సి. కాలువ కింద వరి పెట్టే ఇళ్లలో మాత్రం ఆడవాళ్లకు కూడా రెండు అంకెలు నోటికొచ్చు. ఒకటి 854. నీళ్లు అంతకంటే దిగితే పోతిరెడ్డిపాడు దగ్గర మన వైపు వచ్చే ధార సన్నబడిపోతుంది. రెండోది 885. అది డ్యాము నిండు కుండ. ఆ అంకె దగ్గరపడిందని పేపర్లో వచ్చిందంటే ఇక ఇంట్లో పిల్లల గోల మొదలు. "గేట్లు ఎత్తినారంట, పోదాం పా!"

మా రాయలసీమలో జలపాతం అంటే అది నాలుగు వానలు పడ్డప్పటి ముచ్చట. అహోబిలంలో జ్వాలా నరసింహస్వామి దగ్గరికి ఎక్కే దారిలో వానాకాలం కొండ మీద నుంచి భవనాశి నీళ్లు నెత్తిన పడతాయి. తడుచుకుంటూ, నవ్వుకుంటూ దాటుతాం. మార్చిలో అదే చోటికి పోతే రాతి మీద నల్లటి చార ఒకటే ఉంటుంది. ఏడాది పొడుగునా దూకే నీరు మాకు లేదు. అందుకే శ్రీశైలం గేట్లు ఎత్తారంటే కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు అన్నీ కదులుతాయి. మనిషి కట్టినదే అయినా మా మటుకు మాకు అదే జలపాతం.

ఎంత నీరు దూకుతుందో చెప్తాను. డ్యాముకు 12 గేట్లు. ఒక్కో గేటు 60 అడుగుల వెడల్పు, 55 అడుగుల ఎత్తు. మా వీధిలో మూడు ఇళ్లు పక్కపక్కన పెడితే ఒక గేటు వెడల్పుకి సరిపోతాయి. పది గేట్లను పది అడుగుల చొప్పున ఎత్తితే దాదాపు 2 లక్షల 79 వేల క్యూసెక్కులు దూకుతాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, మన లెక్కలో 28 లీటర్ల పైమాట. మా వంటింట్లో బిందె 15 లీటర్లది. కాగితం మీద గుణించి చూశాను. సెకనుకు ఐదు లక్షల బిందెలు! ట్యాంకరు వస్తే నాలుగు బిందెల కోసం వరస కట్టిన వాళ్లకు ఆ అంకె ఎట్లా అర్థమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మా ఆడబిడ్డ ఒకసారి నయాగరా ఫోటోలు పంపి, "వదినా, ఇట్లాంటిది జీవితంలో చూసి ఉండరు" అని రాసింది. నాకు అట్లాంటి మాట వింటే ఊరుకోబుద్ధి కాదు. వెతికి చదివాను. నయాగరా కూడా మనుషులు తిప్పినట్టే పారుతుందట! 1950లో అమెరికా, కెనడా రాసుకున్న ఒప్పందం ప్రకారం టూరిస్టుల సీజన్‌లో పగటిపూట సెకనుకు లక్ష ఘనపుటడుగులకు తగ్గకుండా జలపాతం మీదికి వదలాలి. రాత్రిపూట, చలికాలం అందులో సగం చాలు. తక్కిన నీళ్లు కరెంటు తయారీకి పోతాయి. అంటే మా శ్రీశైలం పది గేట్లు ఎత్తిన రోజు నయాగరాకు రెండున్నర రెట్లు పైనే దూకుతుంది. ఆడబిడ్డకు రాశాను. "సరేలే వదినా, మాకు ఏడాదంతా దూకుతుంది, మీకు ఎన్ని రోజులు?" అని జవాబు పెట్టింది. దానికి నా దగ్గర సమాధానం లేదు. కొన్నేళ్లు ఒక్కరోజు కూడా ఎత్తరు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఆ 2 లక్షల 79 వేల క్యూసెక్కులు ఒక్క పగలూ రాత్రీ పారితే 24 టీఎంసీలు. మా కె.సి. కాలువకు ఏడాది మొత్తానికి బచావత్ ట్రిబ్యునల్ రాసిచ్చిన వాటా 39.9 టీఎంసీలు. దాని కింద 2 లక్షల 65 వేల ఎకరాలు. అంటే కర్నూలు నుంచి కడప దాకా అన్ని ఊళ్ల ఏడాది నీళ్లు, మనం బజ్జీలు తింటూ, సెల్ఫీలు దిగుతూ చూసే ఆ గేట్ల ముందు నుంచి రెండు రోజులు తిరక్కుండానే సాగర్ వైపు వెళ్లిపోతాయి.

ఈ కాలువ కథ మా మామ బాగా చెప్పేవాడు. ఆయన చెప్పినవీ, తరువాత నేను చదివినవీ కలిపి రాస్తున్నాను. గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర ఉన్నాడు కదా, ఆయనకు నీటి మీద పడవలు నడపాలని భలే పిచ్చి. ఆయన ఊహ మీద 1858లో లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. పెట్టిన పది లక్షల పౌండ్లకు 5 శాతం వడ్డీ గ్యారంటీ అని ప్రభుత్వం హామీ ఇచ్చింది. తుంగభద్ర మీద కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి నీళ్లూ పడవలూ కూడా కడప దాటి సముద్రం దాకా పోవాలని పథకం. డబ్బులు అయిపోయాయి. కాలువ కడప దగ్గర ఆగిపోయింది. 1870ల మొదట్లో నీళ్లు వదిలితే రైతులు పెద్దగా తీసుకోలేదు. నల్లరేగడిలో జొన్నా, పత్తీ వానకే పండుతుంటే నీటి తీరువా కట్టి వరి ఎందుకు పెట్టాలి అనుకున్నారు. దొరలకు నష్టం మీద నష్టం.

అంతలో ధాత కరువు వచ్చింది. 1876. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఈ సీమలో ఇప్పటికీ ముసలివాళ్లు ఆబగా తినే పిల్లల్ని "ధాత కరువులో పుట్టినట్టు తింటాండావే" అంటారు. ఆ కరువులో కాలువ కింద నాలుగు గింజలు చూసినాకే దాని విలువ జనానికి తెలిసిందని మామ అనేవాడు. 1882లో ప్రభుత్వమే కంపెనీ నుంచి కాలువ కొనేసింది. పడవలు కొన్నాళ్లు నడిచి ఆగిపోయాయి. వరి నిలబడింది. ఇప్పుడు మీరు హైదరాబాదులో, బెంగళూరులో కర్నూలు సోనా అని పాతికకిలోల సంచి కొంటున్నారే, అందులో గింజలు ఈ కాలువ పక్క మళ్లలోవి కూడా.

ఇక కృష్ణ. తుంగభద్ర వచ్చి కృష్ణలో కలిసే చోటు సంగమేశ్వరం. దానికి దగ్గర్లోనే కృష్ణ ఒడ్డున సిద్ధేశ్వరం. మన పేపర్లలో ఈ పేరు తరచూ వస్తుంది కానీ ఎందుకో పిల్లలకు తెలియదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా వాళ్లూ, సీమ వాళ్లూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ప్రత్యేక రాష్ట్రం కోసం కలిసి నడుద్దాం, కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో ముందు సీమకూ, నెల్లూరుకూ ఇద్దాం అన్నారు. 1951లో మద్రాసు ప్రభుత్వం సిద్ధేశ్వరం దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టి, ఆ నీళ్లు పెన్నకు మళ్లించే కృష్ణా-పెన్నార్ పథకం వేసింది. అసలు ఉద్దేశం మద్రాసుకు తీసుకుపోవడమేనని కోస్తాలో పెద్ద గొడవ లేచింది. ఖోస్లా కమిటీని వేశారు. ఆ కమిటీ 1952లో ముందు నందికొండ దగ్గర కట్టండి అంది. అదే నాగార్జునసాగర్. సిద్ధేశ్వరం కాగితం మీదే మిగిలింది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని నేను తేల్చబోను. వంటింట్లో కూర్చుని తేల్చేది కాదు. కానీ మా ఇంట్లో పండగ పూట మగవాళ్లు నలుగురు చేరితే ఈ వాదం జరగకుండా విస్తళ్లు లేవవు. 2016 మే 31న రైతులు వేలమంది సిద్ధేశ్వరం పోయి, ప్రభుత్వం వేయకపోతే మేమే వేస్తాం అని అలుగుకు శంకుస్థాపన చేసినప్పుడు, మా ఊరి నుంచి ట్రాక్టర్లు కట్టుకుని పోయారు. ఆడవాళ్లూ పోయారు. ఎండకు తల తిరిగి పడిపోయిన వాళ్లను తెచ్చి మా వాకిట్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాం.

సిద్ధేశ్వరం బదులు, ఇంకా దిగువన, నల్లమల లోయలో శ్రీశైలం వచ్చింది. 1963 జూలైలో నెహ్రూ వచ్చి పునాదిరాయి వేశారు. అప్పుడది కరెంటు ప్రాజెక్టు. పొలాలకు నీళ్లు అనే మాట తర్వాత చేరింది. కరెంటుకు నీళ్లు ఎత్తు నుంచి పడాలి. ఎత్తు కావాలంటే వెనక నీళ్లు నిలవాలి. నీళ్లు నిలవాలంటే ఊళ్లు పోవాలి. అటు మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇటు కర్నూలు జిల్లాలో వందకు పైగా ఊళ్లు పోయాయి. సుమారు లక్ష ఎకరాలు. లక్ష మందికి పైగా జనం. అందులో మా అత్తమ్మ పుట్టిన ఊరు ఒకటి.

ఇది నాకు పెళ్లయిన చాలా ఏళ్లకు గానీ సరిగా తెలియదు. అత్తమ్మ పుట్టింటి మాట ఎత్తదు. అడిగితే "యాడుండాది మ్మా పుట్టిల్లు, నీళ్లల్లో ఉండాది" అని లేచి పోతుంది. మా వంటింటికి ఉన్న ద్వారబంధం మాత్రం మిగతా ఇంటికి అతకదు. ఇల్లంతా మామూలు వేపకర్ర, అదొక్కటి నల్లబడిన టేకు, పైన తామరపువ్వు చెక్కి ఉంటుంది. ఎందుకిట్లా అని ఒకసారి అడిగితే మామ చెప్పాడు, అత్తమ్మ నీళ్లు తోడను బయటికి పోయినప్పుడు.

1981. మా ఆయన పుట్టిన ఏడాది. తొలికాన్పుకు అత్తమ్మ పుట్టింట్లో ఉంది. ఊరు ఖాళీ చేయమని అప్పటికే ఎన్నోసార్లు చెప్పిపోయారు. జనం నమ్మలేదు. ఏటి ఒడ్డు ఊరు, తరతరాల సేద్యం. ఏరు ఇంత దూరం ఎట్లా వస్తుంది, ఇంత ఎత్తు ఎట్లా లేస్తుంది అనుకున్నారు. జూన్‌లో పోలీసులు, బుల్డోజర్లు వచ్చాయి. దీనికి ఆపరేషన్ డిమాలిషన్ అని ఇంగ్లీషులో పేరు. నీళ్లు రాకముందే ఇళ్లు పడగొట్టేస్తే జనం వాళ్లంతట వాళ్లే లేచి పోతారని. అత్తమ్మ నాయన బుల్డోజరు తమ వీధికి రాకముందే తానే కొడవలీ గడ్డపారా తీసుకుని సొంత ఇంటి తలుపులు, దూలాలు విప్పి బండికి ఎత్తాడట. మూడు నెలల పిల్లోణ్ణి ఒళ్లో పెట్టుకుని ఆ దూలాల మధ్యనే కూర్చుని అత్తమ్మ నంద్యాల వైపు వచ్చింది. ఆ ద్వారబంధం కూతురికి ఇచ్చాడు. "చీరా సారె అనుకో మ్మా" అన్నాడట. వచ్చిన పరిహారం డబ్బు అప్పులకు కొంత, చిన్న కూతురి పెళ్లికి కొంత పోయి, ఆ పెద్దాయన చివరి పదేళ్లు కౌలుకు చేసి పోయాడు.

దేవుళ్లకు మాత్రం కొంత జాగ్రత్త తీసుకున్నారు. కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. అలంపురం గుళ్ల చుట్టూ నీళ్లు రాకుండా కట్ట కట్టారు. రూపాల సంగమేశ్వరాన్ని కర్నూలులో జగన్నాథగట్టు మీదికి తెచ్చారు. మేం జగన్నాథగట్టు పోయినప్పుడు అత్తమ్మ ఆ గుడిని చూసి దండం పెట్టి, ఒక్క మాట అంది. "దేవునికి నంబర్లు ఏసి తెచ్చినారు పాపా. మాకు ఎవురూ నంబరు ఎయ్యల్యా."

అన్యాయం అనుకుంటే ఇక్కడితో కథ తేలిగ్గా అయిపోయేది. కానీ పుట్టింటిని ముంచిన నీళ్లే మెట్టినింటి మడికి వచ్చాయి. సుంకేసులలో తుంగభద్ర ఎండిన ఏడు కె.సి. కాలువ చివరి ఊళ్లను నిలబెట్టింది శ్రీశైలం నీళ్లే. పోతిరెడ్డిపాడు నుంచి బానకచర్లకు వచ్చి, అక్కడి నుంచి నిప్పుల వాగు దారిన కుందూలోకి దిగి, మా పొలాలకు అందుతాయి. అక్కడి నుంచే ఒక దారి వెలుగోడుకు, బ్రహ్మంసాగర్‌కు, ఇంకా దిగువన చెన్నైలో తాగే నీళ్లకు పోతుంది. మొదట్లో పోతిరెడ్డిపాడు తూముల నుంచి తీసుకోగలిగింది 11 వేల పైచిలుకు క్యూసెక్కులు. 2005లో దాన్ని 44,000కు పెంచాలని నిర్ణయించారు. దాని మీద రెండు పక్కలా జరిగిన గొడవలు మీకు తెలిసినవే. మామ ఆ వార్త పేపర్లో చదివిన రోజు బజారుకు పోయి మైసూరుపాకు తెచ్చాడు. అత్తమ్మ ఒక ముక్క తీసుకుంది, తిని, నీళ్లు తాగింది. ఏమీ అనలేదు.

అందుకే పిల్లలు గేట్లు చూడ్డానికి పోదాం అన్నప్పుడల్లా అందరం పోయేవాళ్లం, ఆమె మాత్రం ఇంటి దగ్గర బర్రెలు ఉన్నాయనేది. ఎన్నోసార్లు అయింది. రెండేళ్ల కింద ఆగస్టులో బర్రెలు లేవు, అమ్మేశాం. "అత్తా, ఈసారి నువ్వు గూడా రా" అన్నాను. చాలాసేపటికి, "సద్ది కట్టు" అంది.

తెల్లారకముందే లేచి చిత్రాన్నం, పెరుగన్నం, చెనిక్కాయల పొడి కట్టుకుని బయలుదేరాం. ఆత్మకూరు, బైర్లూటి దాటితే నల్లమల అడవి. దోర్నాల దగ్గర ఎడమకు తిరగాలి. రాత్రిపూట జంతువుల కోసం ఆ దారి మూసేస్తారు కాబట్టి పొద్దున్నే చెక్‌పోస్టు దగ్గర బండ్ల వరస ఉంటుంది. పోయేవాళ్లు ముందే చూసుకోండి. సెలవు రోజు మాత్రం పోవద్దు. సుండిపెంట దాటాక ఘాట్‌లో కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. అక్కడికే నీటి మోత వినిపిస్తోంది. దిగి నడిచాం.

మోత అన్నాను కానీ అది చెవులకు వినపడేది తక్కువ. కాళ్లకింద, రొమ్ములో తెలుస్తుంది. లోయకు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పది తెల్లటి గోడలు నిలువునా పడుతున్నట్టు. పడిన చోట నీళ్లు మళ్లీ పైకి లేచి, పొగలా కొండ ఎక్కుతాయి. లింగాలగట్టు వంతెన మీద నిలబడితే వానలో నిలబడ్డట్టే, కళ్లద్దాలు తుడుచుకుని తుడుచుకుని నా చీర కొంగు తడిసిపోయింది. పిల్లోడు అరుస్తున్నాడు, వాడి నోరు కదలడం కనిపిస్తోంది తప్ప మాట వినపడదు. ఆ నీటి రంగు మాత్రం ఫోటోలో తెల్లగా వస్తుంది గానీ దగ్గరికి పోతే ఎర్రటి మట్టి రంగు. ఎగువ ఊళ్ల పొలాలన్నీ కొట్టుకొచ్చిన రంగు.

అత్తమ్మ కమ్మీ పట్టుకుని నిలబడింది. అందరూ నీళ్లు పడే వైపు చూస్తుంటే ఆమె గేట్ల పైకి, డ్యాము వెనక్కి చూస్తోంది. అక్కడి నుంచి వెనక నీళ్లు కనిపించవు. నేను చెవి దగ్గరికి పోయి, "ఎట్లుంది అత్తా?" అని గట్టిగా అడిగాను. ఆమె కూడా నా చెవిలో నోరు పెట్టి అరిచి చెప్పింది: "బాగుండాది పాపా. శానా బాగుండాది. అదే గదా." ఆ తర్వాత లింగాలగట్టులో చేపల వేపుడు అమ్మే చోట అందరికంటే రెండు ముక్కలు ఎక్కువ తినింది. "మా ఏటి చేపే గదా" అని అమ్మే ఆమెతో ముళ్ల గురించి వాదించింది. నేను ఇంకేదో జరుగుతుంది, ఏడుస్తుంది అనుకున్నానేమో, ఏమీ జరగలేదు.

తిరిగి వస్తూ కార్లో 2009 మాట వచ్చింది. ఆ ఏడు గాంధీ జయంతి నాడు తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కటై కర్నూలు ఊరిని ముంచేశాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అంత నీరు వస్తుందని కట్టేటప్పుడు ఎవరూ లెక్క వేయలేదు. నిండు మట్టం 885 అయితే ఆరోజు 896 అడుగులు దాటింది. కర్నూలులో మా చిన్నత్త ఇల్లు పైకప్పు దాకా మునిగింది. వారం తరువాత పోయి మేమంతా పారలతో బురద ఎత్తాం. బియ్యం డబ్బాలో బురద, పెళ్లి ఆల్బంలో బురద, కుక్కర్‌లో బురద. అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే అత్తమ్మ ఒక్కతే చీర ఎగదోపి, ముందు తలుపులు విప్పి ఎండలో పెట్టమంది, చెక్క ఉబ్బిపోతే మళ్లీ పనికిరాదని. ఊళ్లో వీధి వీధికీ గుంపులు కూడి డ్యామును ముందే ఖాళీ చేసి ఉండాల్సిందని వాదించుకుంటుంటే, ఆమె తలుపుల లెక్క చూసుకుంటోంది. అప్పుడు నాకు అది విచిత్రంగా తోచింది. ద్వారబంధం కథ అప్పటికి నేను వినలేదు.

కడప వైపు మా పుట్టింటి దగ్గర కూడా ఇదే కథ మళ్లీ నడిచింది. శ్రీశైలం నీళ్లు గండికోటకు తెచ్చి అక్కడ దాదాపు 27 టీఎంసీలు నిలపాలని, 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరులో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. టీవీలో ఆ ఊరి ఆడవాళ్లు రోడ్డు మీద కూర్చున్నది చూపిస్తుంటే అత్తమ్మ పప్పు రుబ్బడం ఆపి చూసింది. "తలుపులు ఇప్పుకున్నారో ల్యాదో" అంది. గండికోట లోయ ఇప్పుడు టూరిస్టులతో నిండిపోయింది. నిజంగానే అందంగా ఉంటుంది, పోయి చూడండి. ఆ ఎర్రరాళ్ల మధ్య పెన్న నిండుగా నిలబడితే మా చిన్నప్పటి ఇసక పెన్నేనా అనిపిస్తుంది.

గేట్లు చూసొచ్చిన తరువాతి వేసవిలో ఈసారి అత్తమ్మే అడిగింది, సంగమేశ్వరం పోదామని. ఎండలకు నీటిమట్టం బాగా దిగితే అక్కడ మునిగిన గుడి బయటపడుతుంది. వేపకర్రతో చేసిన లింగం, ఏడాదిలో సగానికి పైగా నీళ్లలోనే ఉంటుంది, చెడిపోదు. ఏడు నదులు కలిసే చోటని చెప్తారు. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి. ఉన్న నాలుగు నెలలూ పూజలు చేసి, నీళ్లు పైకి వస్తుంటే పూజారి ఆఖరి హారతి ఇచ్చి పడవలో వెనక్కి వస్తాడు. మేం పోయినప్పుడు జనం బాగానే ఉన్నారు. దర్శనం అయ్యాక, అత్తమ్మ గుడి వైపు కాకుండా ఎదురుగా పగుళ్లిచ్చిన ఒండ్రు మట్టి మీద నడవసాగింది. నేనూ, మా ఆయనా వెనకే పోయాం.

ముందు ఏళ్లలో, మామ బతికి ఉండగా ఆమె రెండుసార్లు వచ్చిందట. అప్పుడు ఊరి బాయి గట్టు, చావడి అరుగు, మునిగి చచ్చిన చింతచెట్టు మొదలు కనపడేవట. ఆ చింతమొద్దును ఆనవాలు పెట్టుకుని తమ ఇల్లు ఎక్కడో అడుగులతో కొలిచి మామకు చూపించిందట. ఇప్పుడు అంతా చదును. డ్యాము కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215 టీఎంసీల పైచిలుకు. తగ్గిన 90 పైన టీఎంసీల చోటంతా ఒండ్రే. ఏటా వరద తెచ్చిన మట్టి ఊరి మీద ఒక పొర వేసుకుంటూ పోతోంది. పేపర్లో ఆ అంకె చదివినప్పుడు నీళ్లు నిలిచే చోటు తగ్గింది కదా అని మాత్రమే అనుకునేదాన్ని.

అత్తమ్మ ఎండలో అటూ ఇటూ నడిచి, గుడి వైపు ఒకసారి, ఏటి వైపు ఒకసారి చూసి, వేలితో లెక్కపెట్టి ఒకచోట ఆగింది. "ఈడ" అంది. మళ్లీ నాలుగడుగులు జరిగి, "కాదు, ఈడనే" అంది. మా ఆయన చెప్పులు విడిచి ఆమె చూపించిన చోట నిలబడ్డాడు. ఆయన పుట్టింది అక్కడే. మట్టి కాలిపోతోంది, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డాడు. ఫోటో తీయమంటావా అమ్మా అంటే వద్దంది. కొంగులో కట్టుకొచ్చిన చింతగింజలు నాలుగు తీసి, పగుళ్లలో ఒక్కోటి వేసింది. జూలైకి అవి మునుగుతాయని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. ఎవరమూ ఏమీ అనలేదు. కారు దగ్గరికి వచ్చి, కాళ్లు కడుక్కోను నీళ్లు ఇవ్వమంటే సీసాలో ఉన్న గుక్కెడు పోశాను.